మిల్లు సైరన్

గల్ఫ్‌లో, లుసైల్ నిర్మాణ సైటు నుంచి ఇండస్ట్రియల్ ఏరియాలోని కార్మికుల క్యాంప్‌కు ఆఖరిసారి తిరిగివస్తున్న కంపెనీ బస్సులో, వెనక సీట్లో ఇద్దరు.

"అన్నా, ఈ పసుపు జెర్సీ ఏడిది?"

"మా రుమేనియా ఫోర్‌మన్ పోయేటప్పుడు ఇచ్చిండు. వాళ్ల ఊరి ఫుట్‌బాల్ జట్టుది. బట్టల మిల్లోళ్లు పెట్టుకున్న జట్టట."

"పెద్ద జట్టేనా?"

"ఒకప్పుడు. మిల్లు మూతపడ్డంక జట్టు గూడ పోయింది. తర్వాత ఊరోళ్లే చందాలేసుకొని, అన్నిటికన్న కింది లీగ్‌ల మళ్ల మొదలువెట్టిండ్రు."

"కొత్త పేరుతోనా?"

"లే, మిల్లు పేరే. మిల్లు కూలగొడుతుంటే సైరన్ ఒక్కటి దాచుకున్నరట. ఆట మొదలయ్యే ముందు అది మోగిస్తరు. ముసలోళ్లు ఇప్పటికీ డ్యూటీకి లేచినట్టు లేచి నిలవడతరట."

"మన కంపెనీ గూడ మూతపడ్డది. రేపటి సంది నువ్వు బిర్కత్ అల్ అవామిర్ క్యాంపుల, నేను ఇంకో కంపెనీల. శుక్రవారం వాలీబాల్ ఇగ ఖతమే."

"నెట్ విప్పి నా పెట్టెల వెట్టుకున్న."

"అది కంపెనీది గదనే! అడిగితే?"

"అడగనీకి కంపెనీ ఏడున్నది? మనమే ఉన్నం. శుక్రవారం జల్ది రా, గుంజలు పాతాలె."