పదకొండు చిల్లర

1973 జూన్ పద్నాలుగున గుంటూరులోని మన మిరప కోల్డ్ స్టోరేజీ సంఘంలో టైపిస్టుగా అడుగుపెట్టిన శ్రీమతి నసీమున్నీసా గారు, ముప్పై అయిదేళ్ల నిష్కళంక సేవానంతరం, ఈ నెలాఖరున కంప్యూటరు విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. నిష్కళంకమంటే ఆమె ఒప్పుకోరు. "ఆ మిరపకాయల సంగతి రాయకపోతే నేను సభకే రాను" అని ముందే బెదిరించారు. కనుక రాస్తున్నాను.

1999లో కంప్యూటర్లు వచ్చినప్పుడు మేమంతా హడలిపోతే, యాభైకి చేరువైన ఆమె మాత్రం పట్టికలు, వాటిలోంచి లెక్కలు తీయించే క్వెరీలు పట్టుదలతో అభ్యసించి, కొరుకుడు పడని ఆ విద్యను మాకందరికీ ఓర్పుతో నేర్పారు. ఒక్కనాడూ విసుక్కుని ఎరుగరు.

2001 వేసవిలో అప్పటి మేనేజరు రంగయ్య గారు అద్దె బిల్లు చూసి, "చిల్లర తీసెయ్యండమ్మా" అన్నారు. ఆయన ఉద్దేశం పైసలు. మన వైపు చుక్క తర్వాత ఏమున్నా చిల్లరే కదా! ఆమె క్వెరీలో బిల్లుతోపాటు కాయ తేమ శాతానికీ కత్తిరింపు పెట్టేశారు. తేమ పదకొండు దాటిన సరుకు లోపల పెడితే బూజు పడుతుంది. అద్దంకి రైతు పేరమ్మ గారి కాయకు పదకొండు పాయింటు ఎనిమిది వస్తే, కాగితం మీద పదకొండుగా దిగింది. ఆమె ఏడాది పంటంతా బస్తాలకు బస్తాలుగా, మన యార్డు మాటలో టిక్కీలకు టిక్కీలుగా, లోపలికి పోతోంది.

తేమ కొలిచే యేసుపాదం గారు కాగితం చూసి కేకేశారు: "మేడం, నేను పదకొండు చిల్లర అని చెప్పాను. ఆ చిల్లర ఏమైందండీ?"

నసీమున్నీసా గారు చెప్పులైనా వేసుకోకుండా యార్డులోకి పరుగెత్తి, టిక్కీలన్నీ బయటికి తెప్పించారు.

"ఏందమ్మా, ఇందాక సరేనంటిరి! ఇప్పుడు నా కాయ పనికిరాదా?" అని పేరమ్మ గారు గయ్యిమన్నారు.

"మీ కాయ బంగారం. తప్పు నాది, చిల్లర నేనే కోసేశాను. ఆరబెడదాం, నేనూ ఉంటా."

అన్నట్టే మండుటెండలో పక్కన కూర్చుని కాయ తిరగేశారు. ఘాటుకి ఇద్దరికీ ఒకటే తుమ్ములు. తేమ తగ్గాకే సరుకు లోపలికి పంపి, పైసలకొక పద్ధతి, తేమకొక పద్ధతి ఉండేలా క్వెరీ తిరగరాశారు. కార్తీకంలో బయటికి తీస్తే కాయ రంగు చెక్కుచెదరలేదు. అప్పటి నుంచి ఇద్దరూ "వదినా" అని పిలుచుకుంటున్నారు. తన పొరపాటును తానే చాటి చెప్పే ఆ మనసంటే మాకెంత ప్రేమో ఇన్నాళ్లూ ఆమెతో అననే లేదు.

వారికి ఆయురారోగ్యాలు కోరుతూ ఏం రాయాలా అని తడుముకుంటుంటే, సభకు పిలవడానికి వెళ్లిన నాతో పేరమ్మ గారే చెప్పేశారు: "మా వదిన నూరేళ్లు చిల్లర బతకాల. ఆ చిల్లర మాత్రం కొయ్యొద్దని మీ కంప్యూటరుకి గట్టిగా చెప్పండి!"