సుగంతమ్మ పట్టుకున్న నా అబద్ధం

అధ్యక్షులు పెద్ద డాక్టరు జెబరాజ్ గారికి, వేదిక మీది పెద్దలకు, నర్సమ్మలకు, నాలాగే ఈ వార్డు బయట దిగులుగా కూర్చుని వెళ్లిన అందరికీ గుడియాత్తం లుంగీ మగ్గాల వీరప్ప నమస్కారాలు. ఈరోజు రిటైరవుతున్న మా నర్సు సుగంతమ్మదీ నాలాగే తెలుగిల్లే కాబట్టి, అరవదేశంలో ఉన్నా తెలుగులోనే మాట్లాడతాను, డాక్టరుగారు ఓర్చుకోవాలి. (నవ్వులు)

సంతోషం చెప్పుకుందామనే వచ్చాను గాని, అయ్యా, చెప్పబోతే ముందు భయమే నోటికొస్తోంది. నిరుడు మా అబ్బాయి సెల్వకుమార్‌కు పేగు మెలిపడి కుళ్లితే, ఆ ముక్క కోసేసి, పై కొసను పొట్ట మీదికి తెచ్చి, మలం పడేందుకు సంచి తగిలించారు. మూడు నెలలాగి మళ్లీ అతికించవచ్చన్నారు. ఆ మాట చెప్పిననాడు వాడు బయట బెంచీ మీద ఉన్నాడు, లోపల నేనొక్కణ్ణే. కొందరికి అతుకు దగ్గర కారుతుంది, చీము పట్టవచ్చు, మళ్లీ సంచి రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు అని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. నలభై ఏళ్లుగా వేళ్లకు బూడిద రాసుకుని పాత పడుగు కొసలకు కొత్త పోగులు మెలిపెట్టి అతికినవాణ్ణి నేను. అతికిన వాటిలో నాలుగైనా తెగకుండా ఏ మగ్గమూ ఆడలేదు. మగ్గం మీద తెగితే మళ్లీ ముడేస్తాను, బిడ్డ కడుపులో తెగితే?

బయటికొచ్చి, "అతికేదానికి కాదంట నాయనా" అనేశాను. ఎనిమిది నెలలు నమ్మాడు.

సంచి మార్పించుకోను వచ్చినప్పుడు సుగంతమ్మ వాణ్ణడిగింది: "ఏమప్పా, అతికించుకునేది ఎప్పుడు?"

"కాదన్నారు గదమ్మా" అన్నాడు వాడు.

ఆమె నావైపు తిరిగింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. (నవ్వులు)

"ఎవురు జెప్పినారన్నా?"

"నేనే."

"నీకు భయమైతే ఇంట్లో పండుకో వీరప్పన్నా. కడుపు వాడిది, అడగాల్సింది వాణ్ణి!"

గుడియాత్తంలో బస్సు దిగేదాకా వాడు నా మొహం చూడలేదు. మళ్లీ వచ్చి, ప్రమాదాలన్నీ తనే విని, తనే సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయిన మూడోరోజు వాడికి కిందినుంచి గాలి పోయింది. పేగు పనిచేస్తోందన్న గుర్తట. ఈ వయసులో నేను దానికి చేతులెత్తి మొక్కాను. (నవ్వులు, చప్పట్లు) ఐదోరోజు జ్వరం. అతుకు కారుతోందేమో చూడాలన్నారు. స్కానింగుకు తోసుకుపోతుంటే నా భార్య కుప్పమ్మ, "నువ్వన్న మాటే నిజమైతాదేమో" అని ఏడ్చింది. సుగంతమ్మ మాత్రం ఏమీ కాదని అనలేదు. "నాకూ భయంగానే ఉండాది, కూసో అన్నా" అని పక్కన కూర్చుంది. ఆ గంట నేను బతికింది ఆ మాటతోనే.

అతుకు గట్టిగానే ఉందన్నారు. చీము పైగాయంలోనే.

ఇప్పుడు వాడు మగ్గమెక్కుతున్నాడు. అయినా బాత్రూంలో పది నిమిషాలుంటే నేను తలుపు దగ్గర నిలబడతాను. మొన్న లోపలినుంచే అన్నాడు: "నాయనా, భయపడేదుంటే భయపడు. నాకు తెలీకుండా మాత్రం భయపడొద్దు."

అమ్మా సుగంతమ్మా, కొడుకు చేత ఆ మాట అనిపించుకునే భాగ్యం నువ్విచ్చిందే. నీకూ, ఇంతసేపు విన్న మీకందరికీ దణ్ణాలు. కొంచెం భయంతో, పట్టలేనంత సంతోషంతో, సెలవు.