రొట్టె కొట్టిన చెయ్యి

నాచారంలోని స్కానింగ్ గదిలో ముంజేతికి జెల్ పూయించుకుని పడుకుంది ఆమె. ఈ డాక్టరమ్మ కూడా ఏమీ లేదంటుందేమోనని ఆమె భయం.

"గడ్డ కనబడటం లేదమ్మా. ఎప్పుడు లేస్తుంది?"

"జొన్నరొట్టెలు కొడితే లేస్తది మేడం. మీ దగ్గరికొస్తున్ననని నిన్నటి సంది ఏ పని ముట్టలే. చెయ్యి మెత్త మీద పెట్టుకొని పండుకున్న."

"అందుకే దాక్కుంది. చెయ్యి ఎత్తిపెడితే లోపలి రక్తం జారిపోయి అణిగిపోతుంది. లేచి ఈ బల్ల మీద రొట్టె కొట్టు."

"పిండి ఏది మేడం?"

"ఉందనుకుని కొట్టు."

సిగ్గుపడుతూనే ఆమె ఉత్త బల్లను తపతపా చరిచింది. కాసేపటికి ముంజేయి బరువెక్కింది.

"ఆగు, చెయ్యి కిందికి వేలాడెయ్యి. ఇదిగో, దొరికింది! పుట్టుకతోనే ఇక్కడ సిరలు చిక్కుపడ్డాయి."

"కాన్సర్ గిట్ల కాదుగద?"

"కాదమ్మా. ఎంత లోతుందో తెలిసింది కదా, మందు సూదులతో తగ్గించవచ్చు."

"నిజంగనే ఉన్నదన్నట్టు! మీ కాళ్లు మొక్కుత మేడం."

"రోగం ఉందంటే ఇంత సంబరపడే మనిషిని మొదటిసారి చూస్తున్నాను."

"రొట్టెల యాళ్లకే దీనికి నొప్పి లేస్తదని మా యారాలు, అదే మా తోడికోడలు, వాడంత జెప్పింది. మా ఆయన సుత నవ్విండు మేడం."

డాక్టరమ్మ ముంజేతి మీది జెల్ తుడిచింది. సూది వేయాల్సిన చోటు తెలిసేలా గడ్డ చుట్టూ పెన్నుతో గీత గీసింది.

"ఇది కడిగితే పోతదా?"

"సబ్బుతో రుద్దితే పోతుంది."

"అయితే జర గట్టిగ గీయున్రి. చిల్కానగర్ల మా ఇంటికి పోయేదాంక చెమటకు చెదరొద్దు. ఇయ్యాల రొట్టెలు మా యారాలే కొడతది. మీ పేరు చెప్పుకొని తింట."