రెండూ కుడిచేతులే

కుట్టుకొట్లో మిషన్ ఆగింది. దర్జీ భార్య కూతురి కోటు ముక్కల్ని బల్ల మీద పరిచి చూసింది.

"ఇవి రెండూ కుడిచేతులేనండీ!"

"గుడ్డ చాలక ఒక్కొక్కటే కత్తిరించా. రెండోసారి కొలత కాగితం తిరగేసి పెట్టడం మర్చిపోయినట్టున్నా."

"మర్చిపోలేదు. ఫోన్లో వీడియోలు చూస్తున్నారు."

"ముప్పై ఏళ్ల అలవాటే, కత్తెర దానంతటదే నడుస్తుంది. ఒక్క నిమిషం అటు చూశానంతే."

"ఆ ఒక్క నిమిషంలో అమ్మాయి పావుగంట మీ ఎదురుగా నిలబడింది."

"తెలుసు. ఊఁ అన్నాగా."

"దేనికన్నారు?"

"ఇంటర్వ్యూకి ఈ కోటే వేసుకుంటానంది."

"అది మొన్నటి మాట. 'నీకు పని తెమలట్లేదు, ఇంటర్వ్యూ మానేసి కొట్లో కూర్చోనా నాన్నా' అని పొద్దున అడిగింది. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఊఁ అన్నారు."

"అయ్యో, నా చెవిన పడితేగా! పిలువు దాన్ని. అతుకేసైనా ఎడమచెయ్యి కుట్టేస్తా."

"రానని వాళ్లకి ఫోన్ చేసి చెప్పేసింది."

"ఇప్పుడెక్కడుంది?"

"లోపల, మీరు వారం నుంచి పక్కన పడేసిన చొక్కాలకి గుండీలు కుడుతోంది. పిలిచినా తల ఎత్తట్లేదు."