నిటారు దర్వాజ

దొరల గడి ఫోటోలు తీస్కున్నవా బిడ్డా? కూసో, ఎండల వడి వచ్చినవ్. కాలేజిల రాసిమ్మన్నరా, పాత కట్టడాలు చూస్తె ఆ కాలపు మనుషులెట్ల ఉండెనో తెలుస్తదని? తెలుస్తది, ఎందుకు తెల్వదు. కాని గడి ఒక్కదాన్నే తీస్కుంటె సగమే తెలుస్తది. గడి దర్వాజ చూసినవ్ గదా, ఏనుగు మీద మనిషి కూసోని లోపటికి పోవచ్చు. మరి దాని చుట్టున్న పాత ఇండ్ల దర్వాజలు చూసినవా? ఛాతి దాక వస్తె ఎక్కువ. దొర నిలబడ్డట్టు, మేం వంగినట్టు కట్టిండ్రు బిడ్డా ఊరంత. ఎవ్వలు కాయిదం మీద రాయలే. రాజలింగు అని ఒకాయన కొంచెం ఎత్తు దర్వాజ పెట్టుకుంటె, గడిలకెల్లి మనిషొచ్చి, "ఏంది రాజలింగూ, మెడ నొస్తున్నదా?" అని అడిగిండట. గంతే. తెల్లారేటాలకు ఆయనే ఇటుకలు పెట్టి కిందికి చేసుకున్నడు.

మా అత్త గంగమణి సంగతి నీకు చెప్పిన్నా? మీ తాత తల్లి. నువ్వు పుట్టకముందే పోయింది. ఊరి ఆడోళ్ళల్ల ఆమెంత పొడుగు లేరు. నుదుటి మీద ఎప్పుడు ఒక బుడిపె ఉండేది, దర్వాజకు తాకి తాకి. మామ లింబయ్య నవ్వేటోడు, "నిన్ను చేసుకునేటప్పుడు ఇల్లు కొలుసుకొని రాకపోతి" అని. "ఇంటిని కొలుసుకొని పెండ్లాన్ని తెచ్చుకునెటోడివి నువ్వొక్కడివే" అనేది ఆమె. గట్లుండేది వాళ్ళ మాట.

ఆ... ఏం చెప్తున్న? మొక్కు. మీ తాత చిన్నగున్నప్పుడు అమ్మవారు పోసింది. కండ్లు తెరవలేదట. అప్పుడు మా అత్త పోచమ్మకు మొక్కింది: "తల్లీ, నా కొడుకు లేస్తె దేవునర్రల బోనం నెత్తికెత్తుకొని, నడుమల యాడ దించకుండ నీ గుడికి తెస్త" అని. దేవునర్రంటె నడింట్లకు తెరిచి ఉన్న దేవుని గదే, దానికి వేరే దర్వాజ ఉండది. కొడుకు లేచిండు. బోనం ఎత్తుకున్నది. దర్వాజ కాడికి వచ్చి ఆగింది. కుండ మీద కుండ, దాని మీద దీపం, కింద గంత పొడుగు మనిషి. ఎట్ల వెళ్తది? ఊరందరు వాకిట్లకు తెచ్చి ఎత్తుకుంటరు, ఆమె నోటికి మాత్రం దేవునర్ర అని వచ్చె. ఏడుసుకుంట దించింది. అప్పటికెల్లి ప్రతి ఏడు దించుడే. "మొక్కు తీరకుండ పోతనేమో కోడలా, ఆ తల్లికి ఏం మొఖం చూపియ్యాలె" అని నా దగ్గర అనేది. "అత్తమ్మా, నేను పొట్టిదాన్ని గదా, నేనెత్తుకుంట" అంటి ఒకసారి. "మొక్కింది నేను, ఎత్తుకునేది నువ్వా?" అన్నది.

దొరలు పట్నం పోయిండ్రు. గడిల గబ్బిలాలు చేరినయ్. చెరుకు ఫ్యాక్టరికి పోయే బండ్లు ఎండకు గడి నీడలనే ఇడిసేటోళ్ళు. ఎనబై ఆరో, ఎనబై ఏడో, చెరుకు మంచిగ పండిన ఏడు, గీ ఇల్లు మొదలువెట్టినం. మా అత్త అడిగింది ఒక్కటే. "వడ్ల ఆశన్నా, దర్వాజ పెద్దగ చెయ్యాలెరా." వడ్రంగంల ఆశన్న మంచి పనోడు. టేకు తెచ్చిండు, వెడల్పు చేసిండు, మందం చేసిండు, పువ్వులు చెక్కిండు. పసుపు రాసి, బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి నిలవెట్టినం. అందరం మంచిగున్నదనే అన్నం.

ఆషాఢం వచ్చింది. బోనాల ముందటి రోజు మా అత్త ఖాళీ బిందె నెత్తిన పెట్టుకొని దేవునర్రలకెల్లి నడిచింది, చూద్దామని. ఠంగుమన్నది. బిందె పోయి నడింట్ల పడ్డది. ఆశన్నను పిలిచినం. వచ్చిండు, చూసిండు, పాపం ముఖం మాడిపోయింది. "అవ్వా, పెద్దగంటె గిట్ల అనుకున్న. ఎత్తు సంగతి నాకు తోచనే లేదు. మా నాయిన కొలకట్టె ఇదే, చెయ్యి గట్లనే పోయింది." వానినేం అంటం బిడ్డా? పసుపు రాసిన నేను చూసిన్నా? మాకందరికి దర్వాజంటే గంతే.

మామ అన్నడు, "వచ్చే ఏడు చూద్దాం. ఆషాఢంల దర్వాజ ముట్టద్దు." ఆమె బిందె తీసి పక్కకు పెట్టింది. "ఆషాఢంల దర్వాజ పెట్టద్దన్నరు. తియ్యద్దని ఎవ్వలన్నరు?" ఆశన్న గడ్డపార వట్టిండు, మీ తాత ఇంకో దిక్కు వట్టిండు. దర్వాజ చౌకట్టుకు దండం పెట్టి ఊడదీసిండ్రు, పైన ఇటుకలు స్లాబు దాక పీకిండ్రు. ఇల్లు నోరు తెరుసుకొని కూసున్నది. మామ బయటికి వోయి గడి దిక్కు చూసి వచ్చిండు. ఎందుకంటె ఏం లేదన్నడు.

తెల్లారి ఆమె తానం చేసి దేవునర్రల బోనం ఎత్తుకున్నది. నేను వెనుకకెల్లి వేప కొమ్మలు వట్టుకొని నడుస్తున్న. దీపం కూడ కదలలేదు బిడ్డా. నిటారుగ, తలకాయ వంచకుండ, వాకిట్లకు వచ్చింది. గుడి కాడ దించినంక ఆమె కండ్లల్ల నీళ్ళు. "తీరింది కోడలా, ఇగ నాకు బరువు లేదు" అన్నది.

ఇంటికొచ్చినంక ఏం చేసిందో ఎరుకేనా? నెత్తిన ఏం లేదు, ముందట దర్వాజే లేదు, అయినా వంగి లోపటికొచ్చింది! మేమంత నవ్వినం. ఆమె గూడ నవ్వింది. "ఆగుండ్రి" అని మళ్ళ బయటికి వోయి, కొంగు సదురుకొని, నిటారుగ నడుసుకుంట వచ్చింది. శ్రావణంల ఎత్తు దర్వాజ పెట్టిందాక అడ్డంగ మంచమేసుకొని అక్కడనే పండుకున్నది.

ఆ పాత చౌకట్టా? పారేస్తమా, పసుపు రాసింది. ఎనుక గొడ్ల కొట్టానికి పెట్టినం. పో, దాన్ని గూడ ఫోటో తీస్కో, మీ సార్లకు చూపి... ఆగు ఆగు, తల! అయ్యో, తాకిందా? రా, ఇటు రా, కొబ్బరినూనె రాస్త. నీకు వంగుడు అలవాటు లేకపాయె. మంచిదే తియ్యి. చాయ్ తాగుతవా?