వాలిన పొగగొట్టం నేర్పిన పాఠం

1989 ఆగస్టు ఇరవై ఎనిమిదో తేదీ సోమవారం ఉదయం, వర్జీనియా తీరాన ఉన్న మన టాలో క్రీక్ మాధ్యమిక పాఠశాలలో శ్రీమతి రోవీనా ప్రూయిట్ గారు చరిత్ర ఉపాధ్యాయినిగా ప్రవేశించారు. ఆనాటి నుంచి ఈ మూడున్నర దశాబ్దాలలో మన ఊరి పిల్లలెవరూ, ఓడలు దిగి ఈ ఒడ్డున తొలి పల్లెలు కట్టుకున్నవారు ఎలా బతికారో ఆమె వద్ద నేర్చుకోకుండా, కాళ్ళకు మట్టి అంటించుకోకుండా ఏడో తరగతి దాటలేదు.

ఆమె చేరిననాటికి ఆ పాఠం పుస్తకంలో రెండు పుటలే. పిల్లలు ఆవలిస్తూ వినేవారట. ఒకరోజు వెనక బెంచీ నుంచి ఎవరో, "టీచర్, వాళ్ళింట్లో వంటగది ఏ పక్కనుండేది?" అని అడిగారు. "ఇల్లంతా కలిపి ఒకటే గది" అని ఆమె చెప్పినా, పిల్లలకది ఊహకందలేదు. మరుసటి వసంతానికల్లా బడి వెనుక, చిత్తడినేల అంచున, నేలలో గుంజలు పాతి, తడికలు అల్లి, మట్టి మెత్తి, రెల్లు కప్పిన ఒంటిగది ఇల్లు లేచింది. ఆల్చిప్పలు పట్టే పడవ నడిపే ఆమె భర్త లెమ్యూల్ గారు గుంజలన్నీ తన పడవ మీదనే తెచ్చారు. "ఇంట్లో వాననీరు కారుతున్న మూలను చూడమంటే తీరికలేదు గానీ, నాలుగువందల ఏళ్ళ కిందటి వాళ్ళకి మాత్రం కప్పు వేయించింది మా ఆవిడ" అని ఆయన ఇప్పటికీ ఆటపట్టిస్తుంటారు.

అయితే గోడ మీద ఒక్క పిడికెడు మట్టి పడకముందే, ఆ నేల ఎవరిదో ప్రూయిట్ గారు పిల్లలకు చెప్పేవారు. నది ఎగువన నేటికీ ఉన్న స్థానిక తెగ నుంచి ఒక పెద్దావిడను ఏటా పిలిపించి, మొక్కజొన్న నాటే పద్ధతితోపాటు, తమవాళ్ళు పోగొట్టుకున్నదేమిటో కూడా ఆమె నోటనే వినిపించేవారు. "తొలి చలికాలం వాళ్ళు ఎవరి గింజలు తిని బతికారో మర్చిపోతే, మనం నేర్చుకున్నది సగమే పిల్లలూ" అన్న మాట ప్రూయిట్ గారు ప్రతి తరగతికీ చెప్పినదే. వలసవచ్చినవారి కష్టాన్ని చెబుతూ, వారు ఇతరులకు తెచ్చిపెట్టిన కష్టాన్ని ఆమె ఏనాడూ దాచలేదు.

ఆ ఇంటికొక విశేషముంది. దాని పొగగొట్టం కర్రలతో అల్లి మట్టి మెత్తినది. అది గోడకు అంటుకోదు. కాస్త బయటికి వాలి, రెండు ఊతకర్రల మీద ఆగి ఉంటుంది. మట్టి రాలి కర్రలకు నిప్పంటుకుంటే, ఊతాలు తన్నేస్తే చాలు, అది బయటికి కూలుతుంది, ఇల్లు దక్కుతుంది. ఆనాటి వారి ఉపాయమది. దాన్ని ఎలా కూల్చాలో ఏటా నిప్పు లేకుండా అభ్యాసం చేయించేవారు ప్రూయిట్ గారు. కొత్తగా చూసినవారు మాత్రం "పాపం, వాలిపోయింది" అని జాలిపడేవారు.

ఐదేళ్ళ కిందటి వసంతంలో, నేను ఈ బడిలో చేరిన తొలి ఏడాది, ఆ ఇంటికి ముప్పు వచ్చింది. బస్సులు నిలిపే చోటు చాలడం లేదని, ఇల్లు తీసి ఆ నేల చదును చేయాలని పాఠశాలల పాలకమండలి యోచించింది. పిల్లల పని ఒక పూట చూసి నిర్ణయిస్తామని కబురంపింది. నా తరగతి కిటికీ ఆ పెరటివైపే ఉండడం వల్ల, ఆనాడు జరిగినదంతా నా కళ్ళారా చూశాను.

ఆ ఉదయం అందరికంటే ముందుగా వచ్చిన టెంపరెన్స్ అనే అమ్మాయి పెట్టిన కేక బడంతా వినబడింది. "టీచర్! పొగగొట్టం తిన్నగా నిలబడిపోయింది!"

అది బడి మరమ్మతులు చూసే ఆర్విల్ గారి చలవ. పెద్దలు వస్తున్నారు, వంకర కనబడితే టీచరమ్మకి మాట వస్తుందని, ముందురోజు సాయంత్రం ఆయన దాన్ని నిటారుగా లాగి, ఇనుపపట్టీలతో గోడకు బిగించేశారు. మేకులు కూడా తన సొంతవే.

"నీ మనసు బంగారం ఆర్విల్" అన్నారు ప్రూయిట్ గారు, నవ్వు ఆపుకుంటూ. "కానీ ఇప్పుడు దీనికి నిప్పంటుకుందంటే ఇల్లంతా పోతుందయ్యా."

"అయ్యో టీచరమ్మా, వంకరగా కట్టాలని కూడా పుస్తకాల్లో రాస్తారా?"

పట్టీలు ఊడదీసి, పిల్లలు పొగగొట్టాన్ని మళ్ళీ బయటికి వాలుస్తున్న సమయానికే మండలి సభ్యులు విచ్చేశారు. అధ్యక్షురాలు శ్రీమతి క్వార్ల్స్ గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "తిన్నగా ఉన్నదాన్ని వంకర చేస్తున్నారేమిటండీ? పిల్లల మీద పడితే?"

"పడేందుకే కట్టామండీ" అంది టెంపరెన్స్. ఆ జవాబు ఆవిడకు రుచించలేదని ముఖమే చెప్పింది.

ఆనవాయితీ ప్రకారం పిల్లలంతా బయట ఉండగా, ప్రూయిట్ గారే పొయ్యి రాజేసి మొక్కజొన్న సంకటికి ఎసరు పెట్టారు. అటూ ఇటూ లాగిన కుదుపులకు పైభాగాన మట్టి బీటలిచ్చిందని ఎవరూ గమనించలేదు. కాసేపటికి ఆ బీటలోంచి మంట నాలుక చాచింది. పొయ్యి రాజేసే రోజున ముందుజాగ్రత్తగా వచ్చి ఉండే ఊరి అగ్నిమాపక దళం వారు నీటి గొట్టంతో ముందుకు ఉరికారు. ప్రూయిట్ గారు మాత్రం బయటికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"ఊతాలు!" అని అరిచింది టెంపరెన్స్. పొడవాటి గడలు పట్టుకుని దూరం నుంచే ఇద్దరు ఒక కర్రను, ఇద్దరు మరో కర్రను తోసేశారు. పొగగొట్టం చిత్తడివైపు ధబేలున కూలింది. మిగిలినవాళ్ళు వరుసకట్టి బిందెలందించి మంటను ఆర్పేశారు. రెల్లు కప్పులో ఒక్క పోచైనా కమలలేదు. నీళ్ళ గొట్టం పట్టుకున్నాయన ఏం చేయాలో తోచక, పక్కనున్న పూలమొక్కలకు నీళ్ళు పెట్టారు.

"మీరు కేకైనా వెయ్యలేదేమండీ?" అని క్వార్ల్స్ గారు అడిగారు.

"పరీక్ష రోజున జవాబులు అందించకూడదు కదండీ."

క్వార్ల్స్ గారు పకపక నవ్వేశారు. సంకటి రెండోసారి వడ్డించుకుని, వెళ్తూ వెళ్తూ, "బస్సుల్ని ఎక్కడో ఓ చోట సర్దుకుందాం. ఈ ఇంటి జోలికి రాం" అన్నారు. పిల్లలు వేసిన కేకలకు చిత్తడిలోని కొంగలన్నీ లేచిపోయాయి. ఆర్విల్ గారు తన మేకులన్నీ ఏరి జేబులో వేసుకున్నారు.

అటుపిమ్మట కూడా ఏటా కొత్త తరగతి వచ్చి, మట్టి తొక్కి, పొగగొట్టాన్ని వాల్చి కట్టింది. ఈ జూన్ నెలాఖరుతో ప్రూయిట్ గారు విశ్రాంతి స్వీకరిస్తున్నారు. లెమ్యూల్ గారి పడవలో పీతల కాలమంతా తమకు చోటు ఖాయమైందని సంతోషంగా చెబుతున్నారు. "పడవలో నేనే టీచర్ని, ఆవిడ ఏడో తరగతి" అని ఆయన ముందే ప్రకటించారు.

ఆగస్టు నుంచి ఆ పాఠం చెప్పే బాధ్యతను బడి నాకప్పగించింది. మొన్న ఆ ఇంటి ముందు నిలబడి, మీరు లేకపోతే ఇది నిలుస్తుందా అని ఆమెనడిగాను. ఆమె ఊతకర్రను తట్టి, "ఇది తీసేస్తే పడాల్సింది పొగగొట్టమే అమ్మాయీ, ఇల్లు కాదు. అలా కట్టామా లేదా అన్నదే చూసుకో" అన్నారు.

అలాగే కట్టారు రోవీనా ప్రూయిట్ గారు. తమ చేతి ఊతం తొలగినా నిలిచేలా ఇంటిని, పాఠాన్ని, మమ్మల్ని కూడా కట్టారు. ఆయురారోగ్యాలతో, నదిగాలి చల్లదనంతో, పడవలో ఎదురుగా కూర్చునే లెమ్యూల్ గారి చిలిపి మాటలతో వారి రాబోయే రోజులు నిండుగా సాగాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. ప్రతి వసంతంలో సంకటి వేళకు వారు బడి వెనుక ఆ మట్టి ఇంటికి రావాలి. వచ్చేసరికి పొగగొట్టం వాలే ఉంటుందని మాట ఇస్తున్నాను.