నా బల్ల ముందు ఆగిన మనిషి

అబ్బ, ఆగక్కా! ఆ అర్జీ మీద సంతకం పెట్టనన్నానా నేను? ముందు ఆ గొడుగు కిందికి జరిగి కూర్చో.

ఎకో వస్తుందట, చుట్టుపక్కల దేశాలన్నిటికీ ఒకటే డబ్బట, మన పొట్ట కొడుతుందట. ఎన్నిసార్లు వస్తానని రాలేదది! నా పెద్దది కడుపులో ఉన్నప్పుడు వచ్చే ఏడే అన్నారు. దానికిప్పుడు ఇరవై రెండు. పెద్దలంతా కలిసి భోంచేస్తారు, ఫొటో దిగుతారు, తారీఖు మారుస్తారు. మనమేమో ఈ అఫ్లావో సరిహద్దు గేటు పక్కన మన సెడీ నోట్లు పుచ్చుకుని, అవతలి దేశంలో లోమే వైపు వెళ్లేవాళ్లకి అక్కడ చెల్లే సీఫాలిస్తూ బతికేస్తున్నాం.

సంఘంలో అందరూ పెట్టారా? ఆ చివరి బల్ల సెనానూ కూడానా? వాడికి సంతకం వచ్చా అసలు!

నవ్వకక్కా. నాకు నవ్వు రావడం లేదు.

మొన్న గురువారం, పిల్లాణ్ణి వీపున కట్టుకుని ఒకామె రాలేదూ? గుర్తులేదనకు, నీ బల్ల నా పక్కనేగా. మూడొందల సెడీలు పెట్టింది. సెడీకి నలభై సీఫాలన్నాను. ఎవరొచ్చినా అలాగే కదా మొదలెడతాం? వాళ్లు తిట్టాలి, లేచిపోవాలి, మనం వెనక్కి పిలవాలి, నలభై ఐదు దగ్గర బేరం తెగాలి. ఆమె తిట్టలేదక్కా. సరేనని తీసుకుని పరుగెత్తింది.

బేరమాడలేదంటే ఏదో ఆపద మీద పడ్డట్టే. ఇరవై ఏళ్లు ఈ బల్ల వెనక కూర్చున్నదాన్ని, నాకా మాత్రం తెలీదా?

అరగంటలో తిరిగొచ్చింది. లోమే మందుల షాపులో వెయ్యి తక్కువైందట. "నువ్వూ తల్లివే కదమ్మా, ఆ వెయ్యీ ఇయ్యి" అంది. "ఇయ్యకే కఫూయీ, చేతులు మారాక అయిపోయినట్టే" అన్నావు నువ్వు. పిల్లాడి కాళ్లు వేలాడుతున్నాయి. ఏడవడం లేదు వాడు.

తర్వాతేమైందో తెలీదు. గేటు దాటే ప్రతి ఆడమనిషి వీపూ చూస్తున్నాను.

రెండు వైపులా ఒకటే నోటైతే, ఆమె నా బల్ల ముందు ఆగేదే కాదు. నేరుగా షాపుకెళ్లేది.

నీ మీదకి నెట్టడం లేదక్కా. నువ్వు అనకపోయినా ఇచ్చేదాన్ని కాదు. ఆ రోజు... ఏం చెప్పను... మంచి బేరం దక్కిందని లోపల సంతోషంగా ఉంది నాకు.

ఏదీ, కలం ఇటివ్వు. ఏం రాశారు ఇందులో? ఎకో వస్తే మేం బతకలేం అనేగా?

నిజమే. బతకలేం.